మెసర్‌ష్మిట్ 262లో ఇంజిన్ మొరాయిస్తే పైలట్ ఏం చేయాలి?

1944లో రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగిన ఈ రెండు ఇంజిన్ల జర్మన్ జెట్ ఫైటర్‌ను నడిపేవారు అన్నిటికంటే ముందు అదుపులో పెట్టుకోవలసింది థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే పిడి) మీద ఉండే తమ ఎడమచేతిని. నికెల్, క్రోమియం కొరత వల్ల సాధారణ ఉక్కుతో సరిపెట్టిన దీని జుమో 004 ఇంజిన్ 10 నుంచి 25 గంటలకు మించి పనిచేసేది కాదు. నిమిషానికి 6,000 చుట్లకు లోపు ఉన్నప్పుడు థ్రాటిల్‌ను గబుక్కున ముందుకు నెడితే ఇంధనం ఎక్కువై టర్బైన్ (వేడి వాయువుల తోపుకు తిరిగే చక్రం) కాలిపోయే ప్రమాదం ఉంటుంది. ఒక్కసారిగా వెనక్కి లాగితే ఇంజిన్ లోపలి మంట ఆరిపోతుంది. కాబట్టి చుట్ల మీటరుపై కన్నేసి, ముల్లు ఎంత కదిలితే పిడిని అంతే జరపాలి.

గాలిలో ఒక ఇంజిన్‌లో మంట ఆరితే ముందుగా విమానం పక్కకు తిరగకుండా రడ్డర్ (తోకపై ఉండి విమానాన్ని పక్కలకు తిప్పే పలక) పెడల్‌ను బలంగా తొక్కి పట్టాలి, ఆ ఇంజిన్‌కు ఇంధనం ఆపాలి, ఆ తరువాతే తిరిగి వెలిగించే ఆలోచన చేయాలి. పైన గాలి పలచన కనుక తక్కువ ఎత్తుకు దిగి, ఎదురుగాలికి ఇంజిన్ దానంతట అదే తిరుగుతుండగా ఇగ్నిషన్ నొక్కి, చుట్లు పెరుగుతున్నాయని రూఢి చేసుకున్నాకే థ్రాటిల్‌ను కొద్దికొద్దిగా తెరవాలి. ఇంజిన్ దగ్గర మంటలు కనిపిస్తే మాత్రం వెలిగించే ప్రయత్నమే చేయకూడదు.

ఒక్క ఇంజిన్‌తో ఎగరడం సాధ్యమే గాని, దిగడమే అసలు పరీక్ష. చక్రాలను దించే హైడ్రాలిక్ పంపు (ద్రవ ఒత్తిడితో పనిచేసేది) ఎడమ ఇంజిన్ మీదే ఉంది. అది ఆగిపోతే చక్రాలను అత్యవసర సంపీడన వాయువుతో దించాలి. చక్రాలు, ఫ్లాప్స్ (రెక్కల వెనుక అంచున కిందికి వంగే పలకలు) దించి వేగం తగ్గాక, ఆరున్నర టన్నుల దాకా తూగే విమానాన్ని మిగిలిన ఒక్క ఇంజిన్, అంటే సుమారు 900 కిలోల తోపుడు బలం, మళ్లీ పైకి ఎత్తగలదని ఆశించకూడదు. అందువల్ల రన్‌వే ఖాయంగా అందుతుందని తేలే వరకు వాటిని దించకుండా, ఎత్తునూ వేగాన్నీ కాస్త మిగులుగానే ఉంచుకోవాలి. ప్రొపెల్లర్ విమానాలకు అలవాటుపడి, చివరి క్షణంలో థ్రాటిల్ నెడితే గట్టెక్కవచ్చనుకునేవారికి ఈ విమానం రెండో అవకాశం ఇవ్వదు. పైగా దిగే వేళ నెమ్మదించిన ఈ జెట్‌ల కోసమే శత్రు ఫైటర్లు కాచుకుని ఉండేవి.

ఏదీ కుదరకపోతే దూకాలి. పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు లేదు కనుక సాధ్యమైనంత ఎత్తులోనే నిర్ణయం తీసుకుని, వేగం తగ్గించి, ఆక్సిజన్ గొట్టాన్నీ రేడియో తీగనూ ఊడదీసి, పై కప్పును వదిలేసి, పట్టీలు విప్పాలి. వీలుంటే విమానాన్ని తలకిందులు చేసి కిందికి జారాలి, లేకుంటే తోక తగిలే ప్రమాదం ఉంది. పారాచూట్ తాడును మాత్రం విమానం పూర్తిగా దాటిపోయాకే లాగాలి.