కథ చెప్పే రాక్ ఆల్బమ్‌లో శబ్దాలను ఎలా కూర్చాలి?

పాటలో వాన అనగానే వాన చప్పుడు, బస్సు అనగానే హారన్. కాన్సెప్ట్ ఆల్బమ్ (పాటలన్నీ కలిసి ఒకే కథ చెప్పే ఆల్బమ్) పేరుతో వచ్చేవి చాలా మటుకు ఇక్కడే చెడిపోతున్నాయి. గాయకుడు చెప్పేసిన ముక్కనే చప్పుడు ఇంకోసారి చెప్తే వినేవాడికి కొత్తగా తెలిసేది ఏముంటుంది? మాటల్లో పెట్టని సంగతిని చప్పుడు మోయాలి. ఈ ఒక్కటి పట్టుబడితే మిగతాదంతా ఓపికతో అయ్యే పనే.

1. ముందు కథ, ఒకే కాగితం మీద

ఎనిమిది పాటలు, 40 నిమిషాలు. అంతకు మించొద్దు. ఈ వ్యాసం పొడవునా ఒకటే కథ ఉదాహరణగా తీసుకుందాం. దేవరకొండ దిక్కు ఒక రైతు బోరేస్తే నీళ్లు పడ్డాయి, బత్తాయి తోట పెట్టాడు. కొన్నేళ్లకు బోరు ఎండింది. కొత్తగా వేసినవన్నీ ఫెయిల్. కొడుకు బొంబాయి బస్సెక్కాడు. తండ్రి తోట కొట్టేశాడు. అంతే కథ.

ప్రతి పాట పక్కన రెండు సంగతులు రాసుకోండి: ఎక్కడ జరుగుతోంది, ఎవరి చెవితో వింటున్నాం. రెండోది తేల్చుకోకుండా మిక్సింగ్‌కు కూర్చుంటే తలా ఒక మాట అంటారు, పని తెగదు.

2. మూడే శబ్దాలు ఎంచుకోండి

నాలుగోది పెట్టారంటే ఏదీ గుర్తుండదు. మన కథకు బోరు బండి, ట్రాన్స్‌ఫార్మర్, బస్సు చాలు. ఒక్కోటి కనీసం మూడుసార్లు రావాలి. మొదటిసారి ఉన్నది ఉన్నట్టు, రెండోసారి ఏదో తేడాతో, మూడోసారి రావాల్సిన చోట రాకుండా.

బోరు బండినే చూడండి. హ్యామర్ దిగుతున్నంతసేపు దబదబా మోత, దాని మీద పొడి దుమ్ము తన్నుకొచ్చే బుస్సుమనే శబ్దం. నీళ్లు పడగానే ఆ బుస్సు మారిపోతుంది. బురద కలిసి బరువెక్కి, చిల్లున ఎగజిమ్మి నేల మీద పడుతుంది. మొదటి పాటలో ఈ మార్పును పూర్తిగా వినిపించండి. నాలుగో పాటలో అదే మోత, అదే బుస్సు, తడి మాత్రం రాదు. కంప్రెసర్ ఆగిపోతుంది. బోరు ఫెయిలైందని గాయకుడు నోరు విప్పక్కర్లేదు. ఎనిమిదో పాటకు మోత మొదలవగానే వినేవాడే తడి కోసం చెవి రిక్కిస్తాడు.

1973లో పింక్ ఫ్లాయిడ్ తెచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ గుండె చప్పుడుతో మొదలై దాంతోనే ముగుస్తుంది. అదే బృందం 1979లో చేసిన ‘ది వాల్’ చివర్లో ఒక వాక్యం సగంలో తెగుతుంది. మిగతా సగం ఆల్బమ్ మొదట్లోనే ఉంటుంది. అంటే కథ మళ్లీ మొదటికొచ్చిందన్నమాట. ఆ సంగతి చెప్పడానికి వాళ్లకు ఇంకో పాట అవసరం పడలేదు.

మధ్యమధ్యలో గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం పెట్టే అలవాటు ఒకటుంది. వద్దు. బుర్రకథలో కథకుడు ఎదుట నిలబడతాడు, పక్కన వంత ఉంటుంది, అది చెల్లుతుంది. రాక్ ఆల్బమ్‌లో రెండోసారి వినేటప్పుడు ఆ గొంతు వచ్చిన ప్రతిచోటా జనం ముందుకు జరిపేస్తారు.

3. రికార్డింగ్

చిన్న రికార్డర్ అయినా, ఫోనైనా సరే. ఫార్మాట్ వేవ్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. పీక్, అంటే చప్పుడు మీటర్ మీద ఎగబాకే ఎత్తు, మైనస్ 12 డెసిబెల్స్ దాటొద్దు. బోరు బండికి 25, 30 మీటర్ల దూరంలో, గాలికి పక్కగా నిలబడండి. దగ్గరికి పోతే చప్పుడు పగిలిపోతుంది, పగిలినదాన్ని తర్వాత ఏ ప్లగిన్ (శబ్దాన్ని దిద్దే సాఫ్ట్‌వేర్) అతకదు. మైకు మీద బొచ్చు తొడుగు తప్పనిసరి, స్పాంజి ఒక్కటే గాలిని ఆపలేదు. ప్రతి చోటా పని ఆగాక ఒక నిమిషం ఉత్త నిశ్శబ్దం కూడా తీసుకోండి. దాని అవసరం అయిదో మెట్టులో వస్తుంది.

ఇంటర్నెట్‌లో దొరికే శబ్దాల జోలికి పోవద్దు. అమెరికా పిట్ట కూస్తుంటే అది నల్లగొండ తోట ఎట్లా అవుతుంది?

డప్పు వాడేవాళ్లు మరీ జాగ్రత్త. చావుకు కొట్టే దరువు వేరు, పెండ్లికి వేరు, జాతరకు వేరు. వాయించేవాళ్లకు సీన్ ఏమిటో చెప్పి అడగండి. బాగుంది కదా అని చావు దరువును పెండ్లి పాట కింద పెడితే ఊళ్లో విన్నవాడు కథ మొత్తాన్నే తప్పుగా అర్థం చేసుకుంటాడు. రికార్డింగ్‌కు ముందు డప్పును మంట దగ్గర కాచనివ్వండి. తోలు మెత్తబడి ఉంటే మోత చచ్చిపోతుంది. పాలమూరు దిక్కు పన్నెండు మెట్ల కిన్నెర పెట్టుకుంటే గిటార్‌నే దానికి శ్రుతి చేయండి. కిన్నెరను ట్యూనర్‌కు కట్టేయొద్దు.

4. శ్రుతి, దూరం

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యి 100 హెర్ట్జ్‌లో ఉంటుంది. గిటార్ ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద జి స్వరం 98. రెండూ కలిస్తే సెకనుకు రెండుసార్లు ఊగుతుంది. ఇంట్లో గొడవ సీన్‌కు ఆ ఊగుడు బాగా పనికొస్తుంది, అలాగే వదిలేయండి. ప్రశాంతమైన పాటకైతే గుయ్యిని 35 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) దించండి, జిలో కలిసిపోతుంది.

మనసులో మాటకు గొంతు దగ్గరగా, రివర్బ్ (గది ప్రతిధ్వని) లేకుండా ఉండాలి. కొడుకు బొంబాయి నుంచి ఫోన్ చేసినప్పుడు 300 హెర్ట్జ్ కింద, 3,400 పైన కోసేయండి. ఊరు ఎడమ స్పీకర్‌లో, బొంబాయి కుడి స్పీకర్‌లో. ఒకసారి అనుకున్న పక్కను చివరిదాకా మార్చొద్దు.

5. అతుకు: నిదానంగా చేయాల్సింది ఇదొక్కటే

పాటకూ పాటకూ మధ్య ఉండే పది సెకన్లలోనే కథ ముందుకు జరుగుతుంది. జనం చేసేదేమిటంటే పాటను ఫేడ్ చేస్తారు (మెల్లగా తగ్గిస్తారు), ఖాళీ వదుల్తారు, బస్సు చప్పుడు వేస్తారు, దాన్ని ఫేడ్ చేసి తర్వాతి పాట ఎత్తుకుంటారు. వినేవాడికి మూడు ముక్కలుగా తెలిసిపోతుంది.

నాలుగో పాట చివరి కార్డ్ ఇంకా మోగుతుండగానే, అది ఆగడానికి 12 సెకన్ల ముందు బస్సు ఇంజిన్‌ను లోపలికి తేండి. అప్పటికి దానిలో 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసి ఉంచాలి. లేకపోతే బేస్ గిటార్‌తో కొట్లాడి రెండూ బురదవుతాయి. బేస్ ఆగిన క్షణాన ఆ కోతను రెండు సెకన్లలో తెరవండి. అప్పటిదాకా గిటార్ హోరు అనుకున్నది బస్సని వినేవాడికి తెలిసేది అక్కడే. కొడుకు వెళ్లిపోయాడు.

ఇక ఫేడ్ వంపు, అంటే ఒక శబ్దం తగ్గుతుంటే ఇంకోటి పెరిగే తీరు. రెండు వేర్వేరు శబ్దాలు కలిసే చోట ఈక్వల్ పవర్ వంపు (రెండింటి మొత్తం బలాన్ని ఒకే తీరుగా ఉంచేది) వాడాలి. లీనియర్ (తిన్నని) గీత పెడితే సరిగ్గా మధ్యలో మూడు డెసిబెల్స్ గుంట పడుతుంది, అక్కడ బిగువు జారిపోతుంది. అదే ఒక శబ్దాన్ని దాని కాపీతోనే, అలకు అల కలిసేట్టు అతుకుతుంటే లీనియరే సరి. ఈక్వల్ పవర్ పెడితే మధ్యలో మూడు డెసిబెల్స్ ఉబ్బుతుంది. ఇది తెలియక చాలామంది వాల్యూమ్ గీతను చేత్తో దిద్దుతూ కూర్చుంటారు.

తర్వాత టెంపో, అంటే పాట వేగం. వాహనాల ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకుంటుంది. మీకు దొరికిన బస్సుది 88 అయితే అయిదో పాట టెంపో 88 చేసుకోండి. చప్పుడును సాగదీయొద్దు. అయిదు శాతం దాటితే డబ్బాలో మోగినట్టుంటుంది. ఇండికేటర్ టిక్కు మీద హైహ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) అందుకుంటే పాట బస్సులోంచే పుట్టుకొస్తుంది.

అతుకులో బస్సు మట్టం పాట కంటే ఆరేడు డెసిబెల్స్ తక్కువుండాలి. 15 సెకన్లు దాటనివ్వొద్దు.

నిశ్శబ్దం కావాల్సిన చోట, అంటే తోట కొట్టేశాక, ఉత్త సున్నా పెట్టొద్దు. ఇయర్‌ఫోన్ తీగ ఊడిందనుకుంటారు. తోటలో తీసుకున్న ఆ నిమిషం నిశ్శబ్దాన్ని అక్కడ పరవండి. రెండున్నర సెకన్లు చాలు, నాలుగైతే మరీ ఎక్కువ.

ఇక ట్రాక్ గీత, అంటే ఒక పాట ఫైలు ముగిసి తర్వాతిది మొదలయ్యే చోటు, ఎక్కడ గీయాలి? బస్సు మొదలయ్యే చోట గీస్తారు, తప్పు. అయిదో పాటను విడిగా పెట్టుకున్నవాడు పావు నిమిషం ఇంజిన్ చప్పుడే వినాల్సి వస్తుంది. బస్సంతా నాలుగో పాట తోకలోనే ఉండనిచ్చి, అయిదో పాట మొదటి దెబ్బకు కాస్త ముందు గీయండి.

6. ఆఖరి ఫైళ్లు

ఎనిమిది పాటల్నీ ఒకే పొడవాటి ఫైలుగా మాస్టర్ చేసి (ఆఖరిసారి మట్టాలు సరిదిద్ది), తర్వాతే కోయండి. విడివిడిగా చేస్తే అతుకు దగ్గర మట్టం గభాలున ఎగురుతుంది. సీడీ కోసమైతే 44.1 కిలోహెర్ట్జ్‌కు మార్చి, ప్రతి ట్రాక్ పొడవూ 588 శాంపిళ్ల (శబ్దాన్ని కొలిచిన ఒక్కో ముక్క) గుణకంగా ఉంచండి. సీడీలో ఒక ఫ్రేమ్ అంతే, తేడా వస్తే టిక్‌మంటుంది. ఎంపీ3 చేస్తే మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుతుంది, అతుకు తెగుతుంది. పంపేటప్పుడు వేవ్ లేదా ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన ఫైలు) మాత్రమే ఇవ్వండి. ఫోన్ యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాటను తర్వాతి పాటలో కలిపేసే ఏర్పాటు) ఆపేసి, వరసగా ఒకసారి, షఫుల్‌లో ఒకసారి వినండి. అతుకుల్లో ఎక్కడైనా టిక్కు వినిపిస్తే పొడవాటి ఫైలుకు తిరిగి వెళ్లి ఆ గీతను జరిపి మళ్లీ కోయండి. విడి ట్రాక్‌ల చివర్లను ఫేడ్ చేసి కప్పిపెట్టొద్దు.