పని ముందు మనసు మొరాయిస్తుంటే సుందరకాండ ఎలా చదవాలి?

తిరుపతిలో సుందరకాండ ఎవరికీ కొత్తేం కాదు, 2020లో కరోనా టైంలో తిరుమల నాదనీరాజనం వేదిక మీద పారాయణం జరుగుతుంటే టీవీ ముందు కూర్చుని గొంతు కలిపిన ఇళ్లెన్నో. పుణ్యం కోసం చదవడం ఎలాగూ ఉంది. చేయాల్సిన పనికి చేతులు కదలనప్పుడు చదివే తీరు ఇంకొకటుంది.

ముందు ఆ పనేదో ఒక్కటే తేల్చుకోండి. పొలం పంపకాల గురించి అన్నకు ఫోన్ చేయాలి, రేపు రేపంటూ జరుగుతోంది, అలాంటిది.

68 సర్గలూ (అధ్యాయాలూ) అక్కర్లేదు, తాత్పర్యంతో 13వ సర్గ తీయండి. లంకంతా గాలించినా సీతమ్మ కనబడలేదు. ఈ మాట చెబితే రాముడు బతకడు, ఆయన లేకుంటే లక్ష్మణుడు, తర్వాత భరతశత్రుఘ్నులు, తల్లులు, అటు సుగ్రీవుడు, చివరికి వానరులందరూ అని హనుమంతుడు ఒకటే టెన్షన్ పడతాడు. నిజానికి అప్పటికి ఎవరికీ ఏమీ కాలేదు, అంతా తలలోనే! ఇక్కడ ఆగి మీ వరస కాగితం మీద పెట్టండి: అన్న కోప్పడతాడు, వదిన మాట్లాడదు, పండక్కి పిలవరు, అమ్మ ఏడుస్తుంది. నన్నడిగితే ఎక్కువ టైం దీనికే ఇవ్వాలి. ఊహించడం మనకు రాదనుకుంటాం గానీ, భయపడటానికి బోలెడంత వాడేస్తున్నాం.

సర్గ చివర్లో, వెతకని అశోకవనం గుర్తొచ్చి ముందు మనసుతో అక్కడికి వెళ్తాడు. తనకు జేజేలు కొడతారనేమీ ఊహించుకోడు. కాపలా ఉంటుంది, చెట్లను కూడా కాస్తుంటారు, అందుకే ఒళ్లు చిన్నది చేసుకున్నానని అనుకుంటాడు. మీరూ కళ్లు మూసుకుని అంతవరకే చూడండి: "ఏమిరా, ఇన్నాళ్లకు గుర్తొచ్చినానా?" అంటాడు అన్న, గొంతు తడబడుతుంది, అయినా "అన్నా, పొలం సంగతి ఒకసారి కూర్చుని మాట్లాడుకుందామా" అనేస్తారు. ఎవరికెంత వస్తుందో ఊహించొద్దు.

14వ సర్గ మొదట్లోనే, కాసేపు ధ్యానించి, మనసుతో అక్కడికి చేరి, ప్రాకారం మీదికి దూకేస్తాడు. ఆ "కాసేపు" ముఖ్యం, మీరూ ఇక్కడికి రాగానే ఫోన్ చేసేయండి. అలిపిరిలో నిలబడి 3,550 మెట్లూ మనసులోనే ఎక్కేవాళ్లు సాయంత్రానికీ కిందే ఉంటారు. ఫోన్ పక్కనే పెట్టుకుని చదవండి, వెతుక్కోవడానికి లేస్తే టీ గుర్తొస్తుంది.

అన్న ఎత్తకపోతే మళ్లీ 13కు పోవద్దు, 14లోనే ముందుకెళ్లండి. తోటలో దిగగానే సీతమ్మ కనబడలేదు, శింశుప చెట్టెక్కి కాచుకున్నాడు, కనబడింది 15వ సర్గలో. రాత్రి భోజనాలయ్యాక ఇంకోసారి ఫోన్ చేయండి.