గృహ రుణ సంస్థ పాలనను బోర్డు సభ్యులు ఎలా పరిశీలించాలి?

వర్ధమాన దేశాల్లో గృహ రుణ సంస్థ బోర్డులో చేరినవారు ముందుగా తెప్పించుకోవలసింది కమిటీల జాబితా కాదు, పెద్ద అప్పుల జాబితా. అత్యధిక మొత్తాలు ఎవరికి వెళ్లాయి, వాటిలో ప్రమోటర్లకు (సంస్థను స్థాపించి నడిపే యజమానులకు), డైరెక్టర్లకు, వారి బంధువులకు సంబంధమున్న కంపెనీలు ఎన్ని, తనఖా ఆస్తికి విలువ కట్టింది ఎవరు, ఆ విలువదారుణ్ణి నియమించింది రుణ విభాగమా కాదా అన్న ప్రశ్నలకు రాతపూర్వక జవాబులు కోరాలి. నిర్మాణం మొదలుకాకుండానే బిల్డర్లకు విడుదలైన సొమ్మును విడిగా చూడాలి. సామాన్యుడి ఇంటికి చేరవలసిన డబ్బు దారి మళ్లేది ఎక్కువగా అక్కడే. ఇలా సంస్థ పెద్దలతో సంబంధమున్న పక్షాలకు ఇచ్చే ప్రతి రుణం, యాజమాన్యంతో లావాదేవీలు లేని స్వతంత్ర డైరెక్టర్ల ముందుకు రావాలి, ప్రయోజనం ఉన్న సభ్యుడు ఆ చర్చలో కూర్చోకూడదు. భారతదేశంలో 2019 నవంబరులో దివాన్ హౌసింగ్ ఫైనాన్స్ అనే గృహ రుణ సంస్థ బోర్డును రిజర్వు బ్యాంకు తొలగించినప్పుడు చూపిన కారణాలు పాలనా లోపాలు, చెల్లింపుల్లో వైఫల్యం. ఆ తర్వాత ఆ సంస్థ దివాలా ప్రక్రియకు వెళ్లింది.

రెండోది నిధుల కాలవ్యవధి. ఏడాదిలో తీర్చవలసిన డబ్బు తెచ్చి ఇరవై ఏళ్ల గృహ రుణాలు ఇచ్చే సంస్థకు, కొత్త అప్పు పుట్టని రోజున ఊపిరాడదు. ఈ అంతరాన్ని తగ్గించేందుకే మలేసియాలో 1986లో కగామాస్, టాంజానియాలో 2010లో, నైజీరియాలో 2013లో, కెన్యాలో 2018లో తనఖా రీఫైనాన్స్ సంస్థలు, అంటే గృహ రుణాల ఆధారంగా రుణ సంస్థలకు దీర్ఘకాలిక నిధి ఇచ్చేవి, ఏర్పడ్డాయి. అయితే రుణ ఫైళ్లు, హక్కు పత్రాలు, వసూళ్ల లెక్కలు సరిగా లేని సంస్థకు ఆ దీర్ఘకాలిక నిధి దక్కడం కష్టం. కాబట్టి ప్రతి త్రైమాసికంలో వ్యవధుల అంతరంపై నివేదికను బోర్డు స్వయంగా చదవాలి.

ప్రభుత్వ సంస్థల్లో నిధుల లెక్కలపై ప్రత్యేక శ్రద్ధ అవసరం. నైజీరియా జాతీయ గృహ నిధి కోసం 1992 నాటి చట్టం ఉద్యోగుల నెలవారీ మూల వేతనంలో 2.5 శాతం చందాగా నిర్ణయించింది. ఇలా జీతాల నుంచి సేకరించిన నిధి ఎంత వసూలైంది, ఎవరికి రుణంగా వెళ్లింది అన్న లెక్క చందాదారులకే చెప్పాలి. ఆడిట్ చేసిన ఖాతాలను ఏటా సకాలంలో ప్రకటించని బోర్డు ఎన్ని ఇళ్ల లక్ష్యాలు చెప్పినా నమ్మడానికి ఆధారం ఉండదు.

చివరగా, మంజూరైన రుణాలను ఆదాయ వర్గాల వారీగా విడదీసి చూపమని యాజమాన్యాన్ని అడగాలి. జీతపు చీటీ లేని చిరువ్యాపారుల, రోజుకూలీల దరఖాస్తులు ఎన్ని వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో తిరస్కరించారు అన్న వివరాలు మొండి బకాయిల నివేదిక పక్కనే బోర్డు ముందుండాలి.