రెండు టైర్లే మార్చాల్సి వస్తే
ముందు టైర్లు రెండూ అరిగి, గాడుల్లో అరుగుదల చూపే చిన్న గట్లతో సమానమైపోయాయి. వెనకవి బాగానే ఉన్నాయి. అదే కంపెనీవి విజయనగరంలో దొరకలేదు. షాపాయన నాలుగూ మార్చేయమన్నాడు, డబ్బులు ఆయనవి కాదు కదా!

వేరే కంపెనీవే, ఒకే మోడల్ జత కొన్నాను. సైజు పాతదే, 185/65 ఆర్15. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె), స్పీడ్ అక్షరం (ఎంత వేగం తట్టుకోగలదో చెప్పేది) పాతవాటికి తగ్గకూడదు. టైరు పక్క గోడ మీద ఉండే డాట్ (DOT) కోడ్ చివరి నాలుగంకెలు చూడండి: 1425 అంటే 2025లో 14వ వారం తయారీ.

కొత్త జత వెనక్కి, పాత వెనకవి ముందుకి వేయించాను. మెకానిక్ కొత్తవి ముందు చక్రాలకే వేస్తానంటాడు, ఒప్పుకోకండి. ఎస్.కోట నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు వానలో వెనక భాగం జారితే బండి చేతికి చిక్కదు. ఒకే ఇరుసుకి కుడివైపు ఒక కంపెనీ, ఎడమవైపు ఒకటి మాత్రం అస్సలొద్దు.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లే సరదా ఉంటే ఈ లెక్క పనికిరాదు. ముందూ వెనకా పట్టులో తేడా అక్కడ మొదటి స్పీడు మలుపులోనే తెలిసిపోతుంది. నాలుగూ ఒకటే ఉండాలి. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండికీ అంతే.