పాత కంప్యూటర్‌కి ఏ లినక్స్? ముందు ‘లక్ష్మి’ అని టైపు చేసి చూడండి

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో నాది టైపింగ్ షాపు. ఒడియా దరఖాస్తులూ వస్తాయి, పాతపట్నం వైపు నుంచి తెలుగు పెళ్లికార్డులూ వస్తాయి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. 4 జీబీ ర్యామ్ ఉన్న నా పాత మిషన్లు పారేయడానికి మనసొప్పలేదు. ఇప్పుడు వాటిలో విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. దాన్లో చాలా రకాలున్నాయి, నేను పెట్టింది మింట్.

వాటిలో ఏది సులువో ఎవరినో అడిగే బదులు మీ మిషన్ మీదే చూసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న మింట్) ఐఎస్ఓ ఫైలును, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైలును, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఎక్కించి, కంప్యూటర్‌ని ఆ పెన్‌డ్రైవ్ నుంచే స్టార్ట్ (బూట్) చేయండి. ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. వైఫై దొరికిందా, ప్రింటర్ కదిలిందా చూడండి.

తర్వాత అసలు పరీక్ష. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్‌కి వెళ్లి ‘యూజ్ సిస్టమ్ డిఫాల్ట్స్’ ఆపేయండి. అది ఆపితేనే కొత్త భాష చేర్చనిస్తుంది. తెలుగు, ఒడియా రెండూ చేర్చి ‘లక్ష్మి’ అని కొట్టండి. వత్తులు కుదురుగా పడ్డాయా? నేను ఒడియా టైపింగ్ విడిగా నేర్చుకోలేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డ్ అమరికలో తెలుగు ‘క’ ఇంగ్లిష్ కె మీట మీద ఉంటుంది, ఒడియా ‘క’ కూడా అక్కడే. వేళ్లు మారక్కర్లేదు, భాష మారితే చాలు. సరిహద్దులో బతికేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి!

మీకు నచ్చినట్టు మార్చుకోవాలంటే డెబియన్ అనే ఇంకో లినక్స్ మంచిది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎక్స్‌ఎఫ్‌సీఈ, కేడీఈ, గ్నోమ్‌లలో ఏ డెస్క్‌టాప్ కావాలో అడుగుతుంది. అయితే అది చాలా ప్రశ్నలు వేస్తుంది, కొత్తవాళ్లకి టెన్షన్. ఆర్చ్ అనే మరో లినక్స్‌లో ప్రతి భాగం మీరే ఎంచి పేర్చుకోవచ్చు. కానీ కౌంటర్ ముందు జనం నిలబడి ఉండే షాపుకి నేనైతే పెట్టను.

అను అనే పాత తెలుగు ఫాంట్లలో చేసిన ఫైళ్లు యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో) ఉండవు, లినక్స్‌లో నేరుగా తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. వాటి కోసం ఒక విండోస్ మిషన్‌ని నెట్ తీసేసి అలాగే ఉంచాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ అన్న చోట ఆగండి. నేను ఒకసారి చూడకుండా నొక్కి ఓ పెళ్లికార్డు పోగొట్టాను, రాత్రంతా కూర్చుని మళ్లీ కొట్టాను. ముందే ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, వాటిలో రెండు మూడు తెరిచి చూసి, అప్పుడు నొక్కండి.