రంగు పోవాలి, బొమ్మ మిగలాలి

నా దగ్గర తల లేని ప్లాస్టిక్ సైనికుడు ఒకడున్నాడు. యుద్ధంలో పోలేదు, ఎన్‌సీ థిన్నర్‌లో పోయాడు. ఇంట్లో వడ్రంగి పని అయ్యాక మిగిలిన, చెక్క పాలిష్‌ని పల్చన చేసే ఆ థిన్నర్‌లో, పాత రంగు వదిలించి కొత్తది వేద్దామని వాణ్ణి ముంచి, టీ తాగి వచ్చేసరికి హెల్మెట్ జీళ్ళ పాకంలా సాగుతోంది. బ్రష్ ఆనిస్తే ముక్కూ మొహమూ దానికే అంటుకుని వచ్చేశాయి. వాణ్ణి పారేయలేదు. కొత్త సీసా మూత తీసేముందు ఒకసారి చూసుకోవడానికి టేబుల్ మీదే నిలబెట్టాను.

తప్పు థిన్నర్‌ది కాదు, నాది. వార్‌హ్యామర్ అనే యుద్ధం ఆట బొమ్మలైనా, ఎయిర్‌ఫిక్స్ విమానం కిట్లైనా గట్టి ప్లాస్టిక్‌వి ఎక్కువగా పాలీస్టైరీన్‌తో చేస్తారు. మన థర్మాకోల్ కూడా అదే పదార్థం, కాకపోతే ఉబ్బించింది. స్కూల్ ప్రాజెక్టుల రోజుల్లో థర్మాకోల్ మీద పెట్రోల్ చుక్క పడితే ఎలా గుంట పడేదో గుర్తుందా? బొమ్మకీ అదే గతి, కాస్త నిదానంగా. అందుకని థిన్నర్, పెట్రోల్, అసిటోన్ దగ్గరికి రానివ్వకండి. 'అసిటోన్ లేదు' అని రాసి ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌నీ నమ్మొద్దు. అలాంటి వాటిలో మామూలుగా వాడే ఇథైల్ ఎసిటేట్ కూడా ఈ ప్లాస్టిక్‌ని తింటుంది.

కొత్త ద్రవం ఏది దొరికినా నేను ముందు థర్మాకోల్ ముక్క మీద ఒక చుక్క వేస్తాను. కరిగిందా, కథ అక్కడితో అయిపోయింది. కరగకపోయినంత మాత్రాన పాస్ అయినట్టు కాదు. బొమ్మలు కోసుకున్నాక మిగిలే ఫ్రేమ్ ఉంటుంది కదా, మేం స్ప్రూ అంటాం, దాని ముక్కని ఒక రాత్రంతా అందులో నానబెట్టి, పొద్దున గోటితో నొక్కి చూస్తాను. మెత్తబడకూడదు, జిగురుగా ఉండకూడదు, వంచితే పెళుసుగా పుటుక్కున విరగకూడదు.

ఇన్నేళ్ళలో నా దగ్గర నిలిచినవి రెండే: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డెటాల్. బ్రేక్ ఆయిల్ పనిచేస్తుందని చాలామంది చెబుతారు, చేస్తుంది కూడా. కానీ అది విషం, ఒంటికి మంచిది కాదు, వాడాక ఎక్కడ పారబోయాలో తెలియదు. నేను ఇంట్లోకి రానివ్వను.

ఐసోప్రొపైల్‌ని సెల్‌ఫోన్ రిపేర్ వాళ్ళు ఐపీఏ అంటారు, బోర్డులు తుడవడానికి వాడతారు. నేను కోఠీ గుజరాతీ గల్లీలో తెచ్చుకుంటాను. 99 శాతం ఉన్నది అడగండి. 70 శాతంది నిదానంగా పనిచేస్తుంది, అంతే తేడా. నీళ్ళతో కలిపి వేసే అక్రిలిక్ రంగులకి దీన్ని మించింది లేదు. మూత గట్టిగా బిగిసే గాజు సీసాలో బొమ్మ మునిగేదాకా పోసి అరగంట ఆగండి. రంగు అంచుల్లో ముడతలు పడి లేస్తూ కనిపిస్తే తీసి బ్రష్ పట్టండి. మందంగా వేసిన రంగుకి నాలుగైదు గంటలు పట్టొచ్చు. ఒక రాత్రి దాటి మాత్రం ఉంచకండి. కత్తులు, యాంటెన్నాల్లాంటి సన్న భాగాలు పెళుసెక్కుతాయి. కాక్‌పిట్ అద్దాల్లాంటి పారదర్శక భాగాల్ని అసలు ముంచకండి, వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి.

ఐపీఏతో నాకున్న భయం మంట ఒక్కటే. దాదాపు 12 డిగ్రీల దగ్గరే అంటుకోగల ఆవిరి లేస్తుంది, మన ఊళ్ళో జనవరిలో కూడా ఇంట్లో అంతకన్నా వేడి ఉంటుంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతుంది. కాబట్టి స్టవ్ ఒక్కటే కాదు, నేల మీది దోమల చుట్ట, దేవుడి దగ్గర దీపం, అగరొత్తి కూడా చూసుకోవాలి. నేను బాల్కనీలో, అమ్మ సంధ్యా దీపం పెట్టకముందే ముగించేస్తాను. సీసాని ఎండలో పెట్టి 'వేడెక్కితే త్వరగా వదులుతుంది' అనుకోవద్దు. బ్లీచింగ్‌తో అస్సలు కలపొద్దు, విషవాయువులు పుడతాయి.

ఇక డెటాల్. పోయిన వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో పన్నెండుమంది స్పేస్ మెరైన్లని, అంటే వార్‌హ్యామర్ సైనికుల్ని, కొన్నాను. అమ్మినాయన ఎనామిల్ పెయింట్‌ని మూడు పొరలు పులిమాడు. హెల్మెట్‌కి కళ్ళున్న చోట రెండు చీలికలుండాలి, నున్నగా పూడిపోయి కోడిగుడ్డులా ఉంది. ఐపీఏ దాన్ని గీరలేకపోయింది. నీళ్ళు కలపని డెటాల్‌లో నానబెట్టాను. ఇల్లంతా వాసన. అమ్మ వచ్చి చూసి, "ఏమిట్రా, బొమ్మలకి ఆపరేషనా?" అంది.

ఒక రోజు గడిచాక తీసి, బ్రష్‌తో ఒకసారి రుద్దాను. రంగు మెత్తగా జారిపోయింది. ఆ సంబరంలో తిన్నగా కుళాయి కింద పెట్టాను, అదే చేయకూడని పని. డెటాల్‌లో నీళ్ళు పోస్తే పాలలా తెల్లబడుతుంది కదా, అది అందరం చూసిందే. దాంతో నానిన రంగుకి నీళ్ళు తగిలితే అంతకన్నా అన్యాయం: మొత్తం నల్లటి బంకగా మారి, పనసపాలలా పట్టుకుంటుంది. ఆ ఒక్క బొమ్మకి గంట పట్టింది.

మిగతా పదకొండుమందికి వరస మార్చాను. గిన్నెలో కొత్త డెటాల్ కొంచెం పోసి, బ్రష్‌ని అందులోనే ముంచి రుద్దడం. లేచిన రంగుని పాత బనియన్ గుడ్డతో అద్దేయడం. మళ్ళీ శుభ్రమైన డెటాల్‌తో ఒక కడుగు. ఆ తర్వాత, ఇంకా నీళ్ళు తగలకుండానే, గిన్నెలు తోమే లిక్విడ్‌ని నేరుగా పట్టించి రుద్దాలి. నురగలో రంగు కనిపించడం మానేశాకే నీళ్ళు. ఏడో బొమ్మ దగ్గర హెల్మెట్ మూతి మీద నిలువుగా ఉండే సన్న గీతలు ఒక్కొక్కటే బయటపడుతుంటే, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

బ్రష్ అంటే మెత్తటి టూత్‌బ్రషే. మూలలకి పళ్ళ సందుల్లో పెట్టుకునే సన్న బ్రష్, కర్ర టూత్‌పిక్. సూది, బ్లేడు వద్దు, వాటి గీత పైన ఎంత రంగు వేసినా దాగదు. గట్టిగా తోమాల్సి వస్తోందంటే ఇంకా నానలేదన్నమాట, తిరిగి సీసాలో వేయండి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, నీళ్ళు కలపని డెటాల్ చర్మాన్ని మండిస్తుంది. కళ్ళజోడు కూడా పెట్టుకోండి. బ్రష్ వెంట్రుక ఎగిరినప్పుడు చుక్క సరాసరి కంటికే వస్తుంది. నాకు వచ్చింది, పది నిమిషాలు కుళాయి కింద కన్ను తెరిచి నిలబడ్డాను. ఇంట్లో పిల్లి తిరుగుతుంటే డెటాల్ గిన్నె మూసి పెట్టండి, అది పిల్లులకి విషం. ఏ సీసా అయినా పెద్ద అక్షరాలతో పేరు రాసి అంటించండి. ఐపీఏ చూడటానికి అచ్చం నీళ్ళే. తాగే నీళ్ళ సీసాలో మాత్రం ఎప్పుడూ పోయొద్దు.

ఫెవిక్విక్‌తో అంటించిన చేతులు నానేటప్పుడు ఊడొచ్చు. కంగారేం లేదు, మళ్ళీ అంటించుకోవచ్చు. అందుకే కడిగేటప్పుడు కింద టీ వడపోసే జల్లెడ పెడతాను. ఒక తుపాకీ మా సింకు గొట్టంలోకి పోయాకే ఈ తెలివి వచ్చింది. ప్లాస్టిక్ సిమెంట్ అనే జిగురుతో అతికినవి ఊడవు, అక్కడ రెండు ముక్కలూ కరిగి ఒకటైపోయి ఉంటాయి.

వాడిన ఐపీఏని సింకులో పారబోయకండి. రెండ్రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైది వంచుకుని మళ్ళీ వాడుకోవచ్చు. అడుగు మడ్డిని పాత పేపర్ మీద, గాలి ఆడే చోట బాగా ఎండనిచ్చి చెత్తలో వేస్తాను.

ప్లాస్టిక్ మొదట్లోలా తళతళలాడాలని పట్టుబట్టొద్దు. లోతుల్లో ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత, మరక కొంచెం మిగిలినా పర్వాలేదు, చెక్కడం స్పష్టంగా కనిపిస్తే చాలు, పైన ఎలాగూ కొత్త ప్రైమర్ వస్తుంది. వేడి నీళ్ళు, హెయిర్ డ్రయ్యర్ పెట్టకుండా ఫ్యాన్ గాలికి ఒక రోజు ఆరనివ్వండి. చంకల్లో, వీపు మీది సంచీ వెనక నీళ్ళు దాక్కుంటాయి. అక్కడ టిష్యూ కొసని దూర్చి చూసి, తడి తగలకపోతేనే ప్రైమర్ డబ్బా ఊపండి.