హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ సైకిల్ కొనడం, చూసుకోవడం, దానిమీద తిరగడం ఎలా?

ఎలక్ట్రిక్ బైక్ అంటే మనవాళ్లకు ముందు స్కూటరే గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పబోయేది పెడళ్లుండే ఎలక్ట్రిక్ సైకిల్ సంగతి. మనం తొక్కుతుంటే మోటారు కూడా ఓ చెయ్యేస్తుంది, అంతే. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికో, తార్నాక నుంచి ప్యారడైజ్‌కో రోజూ వెళ్లొచ్చేవాళ్లకు ఇది హాయైన బండి. కాకపోతే కొన్నవాళ్లలో చాలామంది దీన్ని పొట్టి స్కూటర్ అనుకుంటారు. పెడల్ ముట్టుకోరు, థ్రాటిల్ (తొక్కకుండానే మోటారును నడిపించే చేతి పిడి) మీదే పోతారు. ఆదివారం వాటర్ సర్వీసింగ్‌కు ఇస్తారు, మధ్యాహ్నమంతా ఎండలో వదిలేస్తారు. ఆ తర్వాత బ్యాటరీ నిలబడట్లేదని లబోదిబోమంటారు. దీన్ని ముందు సైకిల్‌గా చూడండి. సగం రిపేర్లు అక్కడే తప్పుతాయి.

1. కొనేముందు అడగాల్సినవి

ముందు కాగితం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్సు, నంబర్ ప్లేటు అక్కర్లేదు. అయితే ఆ మోడల్ ఈ లెక్కలోకే వస్తుందని ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. దాని కాపీ అడిగి తీసుకుని ఫోన్‌లో ఫొటో ఉంచుకోండి. చౌరస్తాలో ఎవరైనా ఆపి ‘నంబర్ ప్లేటేదీ?’ అంటే వాదించడం కంటే ఆ ఫొటో చూపించడం తేలిక. ‘స్పీడ్ లాక్ తీసేస్తా సార్, నలభై కొడుతుంది’ అనే షాపుల జోలికి పోకండి. లాక్ తీస్తే అది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనమే. ఎవరికైనా తగిలిందంటే అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. హెల్మెట్ మాత్రం ఏ చట్టంతోనూ పని లేకుండా పెట్టుకోండి.

తర్వాత బ్యాటరీ లెక్క. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లయితే 360. తొక్కుతూ, మోటారు సాయం తక్కువగా పెట్టుకుంటే కిలోమీటరుకు సుమారు 8 నుంచి 12 వాట్ అవర్లు పోతాయి. పెడల్ ముట్టకుండా థ్రాటిల్ మీదే పోతే 15, 20 కూడా లాగుతుంది. అంటే అదే బ్యాటరీ తొక్కేవాడికి 30 నుంచి 45 కిలోమీటర్లిస్తే, కూర్చుని పోయేవాడికి 18 నుంచి 24 ఇస్తుంది. బ్రోషర్‌లో రాసే దూరం చదునైన రోడ్డు మీద, బక్కపల్చటి మనిషి, ట్రాఫిక్ లేనప్పుడు వెళ్లే దూరం. దాంట్లోంచి మూడో వంతు తీసేసి లెక్కేసుకోండి. కొత్త బ్యాటరీ విడిగా ఎంతవుతుందో కూడా అప్పుడే అడగండి. రేపు మార్చాల్సొస్తే అన్నింటికంటే ఖరీదైన భాగం అదే.

ఇక ఎత్తు. మన ఊరు రాళ్లగుట్టల మధ్య కట్టుకున్న ఊరు. షోరూమ్ ముందు సందులో ఓ రౌండ్ కొట్టి సంబరపడితే లాభం లేదు. పంజాగుట్ట నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు ఎక్కే రోడ్డు లాంటి మిట్ట మీద నడిపి చూడండి. గేర్లు లేని మోడల్ అయితే అలాంటిచోట మోకాళ్లు మొరాయిస్తాయి. దిగేటప్పుడు డిస్క్ బ్రేకులు ఎలా పట్టుకుంటున్నాయో గమనించండి. మామూలు సైకిల్ కంటే ఇది బాగా బరువు, ఇరవై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది.

2. ఛార్జింగ్

బ్యాటరీ ఊడి చేతికొచ్చే మోడలే కొనండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ కోసం అసోసియేషన్ మీటింగ్‌లో గొంతు చించుకునే పని తప్పుతుంది. కరెంటు ఖర్చు గురించి ఎవరైనా సణిగితే నవ్వి ఊరుకోండి. 360 వాట్ అవర్ల బ్యాటరీ నిండటానికి అర యూనిట్ కూడా పట్టదు.

ఛార్జర్ విషయంలో మాత్రం పట్టుదలగా ఉండాలి. 36 వోల్టుల బ్యాటరీ నిండితే 42 వోల్టులకు చేరుతుంది, అందుకే ఛార్జర్ మీద 42 అని ఉంటుంది. 48 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ మీద 54.6 ఉంటుంది. రెండిటి పిన్నూ ఒకేలా ఉండొచ్చు. పిన్ను పట్టింది కదా అని పక్కింటి ఛార్జర్ అడిగి పెట్టారో, ప్రమాదాన్ని చేజేతులా పిలిచినట్టే. కొనేటప్పుడు వచ్చిన ఛార్జరే వాడండి. అది పాడైతే అదే కంపెనీది తెచ్చుకోండి.

రోజూ 20 నుంచి 80 శాతం మధ్య తిప్పితే లిథియం బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. నెలకోసారి మాత్రం వంద దాకా నింపి, పచ్చలైటు వచ్చాక కాసేపు అలాగే ఉంచండి. లోపలి సెల్స్ అన్నీ ఒక మట్టానికి వస్తాయి. సంక్రాంతికి ఊరెళ్తున్నారా? పూర్తిగా నింపి వదిలేయొద్దు, సున్నా మీద అసలే వదిలేయొద్దు. సగం, అంతకు కాస్త ఎక్కువ పెట్టి, సైకిల్ నుంచి తీసి, నీడపట్టున చల్లని చోట ఉంచి వెళ్లండి.

ఎక్కడ ఛార్జ్ చేస్తున్నారన్నది అన్నింటికంటే ముఖ్యం. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన హోటల్ ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది చనిపోయారు. పొగ మెట్ల దారిలో పై అంతస్తులకు కమ్మేసింది. అందుకే మెట్ల కింద, వీధి గుమ్మం పక్కన, కారిడార్‌లో ఛార్జింగ్ పెట్టొద్దు. ఏదైనా అయితే మీరు బయటికి పరుగెత్తాల్సిన దారి అది. పరుపు మీద, సోఫా మీద కాకుండా గచ్చు మీద పెట్టండి. ఇంట్లో అందరూ నిద్రపోయే వేళ వద్దు. కింద పడి సొట్టపోయిన, ఉబ్బిన, వింత వాసనొచ్చే బ్యాటరీని మళ్లీ ఒక్కసారి కూడా ఛార్జ్ చేయకూడదు. దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి, అమ్మిన షాపుకే తిరిగివ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత ఉత్పత్తిదారులదే.

3. ఎండాకాలం, వానాకాలం

మే నెలలో ఆఫీసు బయట ఎండలో నిలబెడితే ఫ్రేమ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అందులో ఉన్న బ్యాటరీ కూడా అంతే. వేడి లిథియం సెల్స్‌కు పగ. నీడ దొరక్కపోతే బ్యాటరీ తీసి వెంట తీసుకెళ్లండి, దొంగల బెడద కూడా తగ్గుతుంది. ఇంటికి రాగానే ప్లగ్‌లో పెట్టకుండా ఓ అరగంట, గంట చల్లారనివ్వండి.

వానలో తడిస్తే భయం లేదు, మునిగితేనే చిక్కు. వెనక చక్రం మధ్యలో ఉండే గుండ్రటి డబ్బానే మోటారు. వైరు దాని ఇరుసు గుండా లోపలికి వెళ్తుంది, నీళ్లు కూడా ఆ దారే పడతాయి. రోడ్డు మీద నీళ్లు ఇరుసు ఎత్తుకు వచ్చాయంటే దిగిపోయి వేరే సందు చూసుకోండి. పెద్ద వాన పడితే మన రోడ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. డిస్‌ప్లేకు ఓ పాలిథిన్ కవర్, ఛార్జింగ్ సాకెట్‌కు రబ్బరు మూత ఉండాలి. కడగడానికి బకెట్టు, పాతబట్ట చాలు. ప్రెషర్ పంపు మాత్రం వద్దు.

4. నెలకోసారి

చైన్ తుడిచి ఆయిల్ చుక్కలు వేయండి. టైరు పక్కన రాసి ఉన్నంత గాలి కొట్టించండి. బరువు ఎక్కువ కాబట్టి బ్రేక్ ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, వెనక చక్రం పుల్లలు వదులవుతాయి. ఒక చిన్న పరీక్ష: వెనక చక్రం పైకెత్తి థ్రాటిల్ తిప్పి, బ్రేక్ లీవర్ కొద్దిగా నొక్కండి. మోటారు టక్కున ఆగిపోవాలి. ఆగలేదంటే లీవర్‌లో ఉండే స్విచ్ పోయినట్టు, బాగుచేయించే దాకా బండి తీయొద్దు. థ్రాటిల్‌తో బాగానే పోతూ, తొక్కేటప్పుడు మాత్రం మోటారు తడబడుతుంటే పెడల్ ఇరుసు దగ్గరి అయస్కాంతాల బిళ్ల చూడండి, మీరు తొక్కుతున్నారని మోటారుకు తెలిసేది దానివల్లే. అక్కడ బురద పట్టినా, బిళ్ల పక్కకు జరిగినా ఇలాగే అవుతుంది.

5. వెనక చక్రం పంక్చరైతే

అందరూ బెదిరేది ఇక్కడే. రోడ్డు పక్క పంక్చర్ షాపతను చక్రంలోంచి వచ్చే వైరు చూసి చేతులెత్తేస్తాడు, లేదంటే స్పానర్ పెట్టి బరబరా విప్పబోతాడు. ముందే చెప్పండి: “అన్నా, చక్రం ఊడదియ్యకు. పంక్చరైన కాడ మటుకే ట్యూబు బయటికి గుంజి ప్యాచ్ వెయ్యి.”

మీరే వేసుకోవాలంటే ఇలా. స్విచ్ ఆపి బ్యాటరీ తీసేయండి. సైకిల్‌ను తలకిందులు చేస్తే డిస్‌ప్లే గీతలు పడుతుంది కాబట్టి చైన్ పైకి వచ్చేలా పక్కకు పడుకోబెట్టండి. చక్రం తిప్పుతూ మేకో ముల్లో వెతకండి. గండిపేట వైపు వెళ్లొచ్చారంటే తుమ్మముల్లు అయ్యుంటుంది. అది దొరికిన చోట టైరు లీవర్లతో ఒక అంచు మాత్రం జానెడు పైకి లేపి, ఆ ముక్క ట్యూబ్ బయటికి లాగండి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, తడి ఆరి వేలికి కాస్త అంటుకునే దాకా ఆగి ప్యాచ్ అద్దండి. ట్యూబ్ లోపలికి తోసేముందు టైరు లోపలివైపు వేలితో నెమ్మదిగా తడమండి. ముల్లు మొన అక్కడే ఉండిపోతే పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది.

ట్యూబే మార్చాల్సొస్తే చక్రం విప్పక తప్పదు. మోటారు వైరు కనెక్టర్ మీద బాణం గుర్తులుంటాయి. తిప్పకుండా నిటారుగా లాగండి, పెట్టేటప్పుడు రెండు బాణాలూ ఎదురెదురుగా రావాలి. చాలా మోడళ్లలో ఇరుసు నట్టుకు 18 నంబర్ స్పానర్ పడుతుంది. విప్పేముందు వాషర్ల వరస ఫొటో తీసుకోండి. కొక్కెం ఉన్న వాషర్ మళ్లీ దాని గాడిలోనే కూర్చోవాలి. అదే ఇరుసు తిరిగిపోయి వైరు తెగకుండా కాపాడేది.

6. ఎక్కడికి వెళ్లొచ్చు

కొత్తగా కొన్నవాళ్లు ముందు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన ఉన్న సైకిల్ ట్రాక్‌కు వెళ్లడం మంచిది. 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. అప్పటి లెక్కలో నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు, నెత్తిమీద సోలార్ ప్యానెళ్ల నీడ. అక్కడ చిన్నపిల్లలు కూడా తొక్కుతుంటారు, థ్రాటిల్ వదిలేసి పెడల్ మీదే వెళ్లండి. ఓఆర్ఆర్ ప్రధాన రోడ్డు మీదికి, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మ్యాప్ చూపించినా ఎక్కొద్దు.

మెహదీపట్నం నుంచి చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి రావాలంటే యాభై కిలోమీటర్లకు దగ్గర పడుతుంది. 360 వాట్ అవర్ల బ్యాటరీకి ఇది మించిన పని. ఛార్జర్ సంచిలో వేసుకోండి. రెండు ఆంపియర్ల ఛార్జర్ గంటకు 20 శాతం నింపుతుంది, అంటే ఆరు నుంచి తొమ్మిది కిలోమీటర్లు. దర్శనం, పదకొండు ప్రదక్షిణలు, టిఫిన్ అయ్యేసరికి ఆ గంట గడిచిపోతుంది. టీ కొట్టులో ప్లగ్ అడిగితే కాదనేవాళ్లు తక్కువ, ఓ ఇరవై రూపాయలు చేతిలో పెట్టండి. వెళ్లేటప్పుడు సాయం తక్కువ మీద తొక్కి, తిరుగు ప్రయాణానికి ఛార్జ్ మిగుల్చుకోండి.

7. కారులో, విమానంలో

కారులో తీసుకెళ్లాలంటే బ్యాటరీ తీసి, ముందు చక్రం విప్పి, వెనక సీటు మడిచి, చైన్ వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి. హైడ్రాలిక్ బ్రేకులైతే చక్రం తీశాక లీవర్ నొక్కొద్దు. ప్యాడ్లు రెండూ కలిసిపోయి మళ్లీ డిస్క్ దూరదు. మధ్యలో ఓ మందపాటి అట్టముక్క పెట్టండి. కారు వెనక తగిలించే క్యారియర్ అయితే అది ఎంత బరువు మోస్తుందో ముందు చూసుకోండి. మామూలు సైకిళ్లకు చేసినవి కొన్ని దీన్ని ఆపలేవు.

విమానంలో బ్యాటరీ వెళ్లదు. ప్రయాణికులు వెంట తీసుకెళ్లే లిథియం బ్యాటరీలకు 100 వాట్ అవర్ల దాకా మామూలుగా, 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో వీలుంటుంది. మనదేమో 360. చేతి సంచిలోనైనా, లగేజీలోనైనా శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. సైకిల్ తీసుకెళ్లక తప్పదంటే బ్యాటరీ సగం ఛార్జితో ఇంట్లో పెట్టి, ఆ ఊళ్లో అద్దెకో అరువుకో అదే మోడల్ బ్యాటరీ దొరుకుతుందేమో టికెట్ బుక్ చేయకముందే కనుక్కోండి.